చప్పట్లు కోసెయ్యకండి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మాది ఒడిశాలోని బరంపురం, మా ఇంటి నుంచి సముద్రం అరగంట దూరం. ఆ రాత్రి మేడ మీద గది కిటికీ రెక్క ఊడిపోయి వాన నేరుగా నాన్నగారి బీరువా మీద కొట్టింది. బట్టలు ఆరబెట్టుకున్నాం, తడిసి ముద్దయిన పుస్తకాలు కొన్ని పారేశాం. బీరువాలో ఉన్న సంగీత కచేరీల డిస్కుల మాట మాత్రం పది రోజులకు గాని ఎవరికీ గుర్తు రాలేదు. కరెంటు లేదు, కుళాయి లేదు, ఎవరి అవస్థ వాళ్ళది. చివరికి అట్టపెట్టె తెరిచి చూస్తే కాగితం కవర్లు డిస్కులకి అంటుకుపోయి ఉన్నాయి.

ఒక వీసీడీకి, అంటే వీడియో ఎక్కించిన సీడీకి, అంటుకున్న కాగితం లాగాను. కాగితంతో పాటు వెండి పొర కూడా వచ్చేసింది. డిస్కులోంచి అవతలి గోడ కనిపించింది. అప్పటిదాకా నాకు తెలియని సంగతి అది: సీడీలో, వీసీడీలో పాట దాగి ఉండే పొర అడుగున కాదు, పైన పేరు రాసుకునే వైపే ఉంటుంది. దాని మీద కాపలా పలుచటి లక్క పూత ఒక్కటే. మనమేమో అద్దంలా మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటాం. డీవీడీలు ఆ వానకి బతికాయి. వాటిలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. అందుకే మా ఇంట్లో తొంభై దాకా ఉన్న డిస్కుల్లో పోయినవన్నీ వీసీడీలే.

ఆ తొంభైలో సగం విశాఖపట్నంలో, చెన్నైలో కొన్న కచేరీ డిస్కులు. మిగతా సగం మా ఊరివి. మా తెలుగు వీధిలో ఏటేటా జరిగే త్యాగరాజ ఆరాధన, శ్రీరామనవమి పందిట్లో కచేరీలు, ఒకటి రెండు పెళ్ళి కచేరీలు, అన్నీ మా ఊరి వీడియో అబ్బాయి తీసినవే. మొదట్లో వీసీడీలు ఇచ్చేవాడు, తర్వాత డీవీడీలు. నాన్నగారు ఆరాధన కమిటీలో ఉండేవారు కాబట్టి ప్రతి ఏడాదీ ఒక కాపీ మా ఇంటికి వచ్చేది. కొన్న డిస్కులు పోతే ఇంకెక్కడైనా దొరకొచ్చు. మా ఊరివి పోతే పోయినట్టే.

వాటిలోంచి పాట తీసి కంప్యూటర్లో పెట్టే పని ఆ ఏడాదే మొదలుపెట్టాను. మొదటి సంవత్సరం చేసినదంతా తప్పు. ఆ తప్పు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన వైపు, అంటే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జైపూర్‌లలో చాలా ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని ఇప్పుడిప్పుడే తెరుస్తున్నవాళ్ళు నేను చేసిన పని చేయకూడదు.

జరిగింది ఇది. మా మావయ్య ఫోన్ చేసి, "ఏటమ్మా, డిస్కులన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తన్నావంట. ఆ ఉపన్యాసాలూ, శ్రుతి సవరించుకోవడాలూ, చప్పట్లూ ఎవడిక్కావాలి? అవన్నీ కోసేసి పాటలు పంపు, పొద్దున్నే నడక దగ్గర వింటాను" అన్నారు. మాట సబబుగానే తోచింది. ఒక్కో కచేరీలోంచి పాటలు మాత్రం కోసి, 128 కిలోబిట్ల ఎంపీ3 చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాను. మావయ్య సంతోషించారు. అక్కా, పిన్నీ కూడా అడిగారు, వాళ్ళకీ పంపాను. పాటలు వచ్చేశాయి కదా అని డిస్కులు మళ్ళీ అదే పెట్టెలో పెట్టేశాను.

మూడేళ్ళ తర్వాత మా మేనల్లుడు, "తాతగారు మైకులో మాట్లాడేవారట కదా అత్తా, ఒక్కసారి వినాలి" అన్నాడు. నాన్నగారు ప్రతి ఆరాధనలోనూ విద్వాంసుల్ని పరిచయం చేసేవారు. ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో. ఆ మాటలున్న డిస్కు వెతికి డ్రైవ్‌లో పెడితే అది తిరుగుతూనే ఉంది, తెరుచుకోలేదు. నా దగ్గర ఆ కచేరీ పాటలు పదకొండు ఉన్నాయి. నాన్నగారి గొంతు లేదు. దాన్ని కోసి పారేసింది నేనే.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒక్కటే. కచేరీ డిస్కులోంచి ధ్వని తీసేటప్పుడు మొదట తీసేది మొత్తంగా, ఉన్నది ఉన్నట్టుగా తీయాలి. కోయడం, శుభ్రం చేయడం, చిన్నది చేయడం అన్నీ ఆ తర్వాత, కాపీ మీద. కచేరీ అంటే పాటల మూట కాదు. ఫలానా సాయంత్రం ఫలానా ఊళ్ళో కొంతమంది కూర్చుని మూడు గంటలు గడిపిన వైనం అది.

"వీడియో డిస్కే ఎందుకు, అదే విద్వాంసుడి సీడీ కొనుక్కుంటే పోదా" అని అడిగేవాళ్ళున్నారు. సీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. నిండు కచేరీ రెండున్నర, మూడు గంటలు సాగుతుంది. కచేరీని సీడీగా వేయాలంటే రెండు మూడు సీడీలుగా విడగొట్టాలి, లేదా ఏదో ఒకటి వదిలేయాలి. వదిలేసేది సాధారణంగా తని ఆవర్తనమో (మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం), వయొలిన్ వాళ్ళ ఆలాపనో అవుతుంది. ఒక పొర డీవీడీ 4.7 గిగాబైట్లు, రెండు పొరలది 8.5. మొత్తం కచేరీ ఒక డిస్కులో పడుతుంది. ధ్వని కూడా తీసికట్టు కాదు. సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు, అంటే 44.1 కిలోహెర్ట్జ్, ఒక్కో కొలతకి 16 బిట్లు. డీవీడీలో ఎల్‌పీసీఎం, అంటే కుదించని ధ్వని, ట్రాక్‌గా ఉంటే కనీసం 48 కిలోహెర్ట్జ్, కొన్నిటిలో 24 బిట్లు. బొమ్మ కోసం కొన్న డిస్కులో సీడీ కన్నా మంచి పాట దాగి ఉండే అవకాశం ఉంది.

తీయడం ఎలాగో చెబుతాను, నేను పడ్డ గుంటలతో సహా. డీవీడీ తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వీఓబీ ఫైళ్ళు వరసగా ఉంటాయి. ఒక్కోటి ఒక గిగాబైటుకి మించకూడదని నియమం. ఆ కోత సంగీతం చూసి పెట్టింది కాదు, సైజు చూసి పెట్టింది. మొదట్లో నాకది తెలియక ఒక్కో వీఓబీని విడిగా మార్చాను. తోడి ఆలాపన తార షడ్జం మీద నిలబడ్డ చోట తెగిపోయింది, తర్వాతి ఫైలు గాలిలోంచి మొదలైంది. వాటిని వరసలో ఒకటిగా కలిపి తీయాలి. చివర సున్నా ఉన్న వీఓబీ మెనూది, దాన్ని వదిలేయొచ్చు. ఈ తిప్పలన్నీ లేకుండా మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రాం మొత్తం కచేరీని ఒక్క ఫైలుగా, చాప్టర్ గుర్తులతో సహా తీసి ఇస్తుంది. తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఇంకో ప్రోగ్రాంతో అందులోంచి ధ్వనిని మార్చకుండా 'కాపీ' చేసుకోవచ్చు. ఆ కాపీ అన్న మాటే ముఖ్యం. మళ్ళీ ఎన్‌కోడ్ చేయమని, అంటే ఇంకో పద్ధతిలోకి మార్చి కుదించమని, చెప్పకూడదు.

ఇక ఏ ట్రాక్ తీయాలి అన్నది. కొన్న డిస్కుల్లో రెండు మూడు ఉంటాయి: స్టీరియో ఎల్‌పీసీఎం, ఆరు ఛానెళ్ళ డాల్బీ డిజిటల్ 5.1, కొన్నిటిలో డీటీఎస్ అనే ఇంకో రకం. 5.1 అంటే పెద్దది కాబట్టి అదే మంచిదనుకుని ఒక కచేరీ తీశాను. ఆరు ముక్కలుగా వచ్చింది. ఎడమ, కుడి రెండూ తీసుకుని మిగతావి పక్కన పెట్టాను. విన్నాను. వయొలిన్ ఉంది, మృదంగం ఉంది, పాడే మనిషి గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. కంగారు పడ్డాను, డిస్కే పాడైందనుకున్నాను. అసలు సంగతి, గాత్రం మధ్య ఛానెల్‌లో ఉంది. దాన్ని నేనే పక్కన పెట్టేశాను. వెనక రెండు ఛానెళ్ళలో ఉన్నది హాలు: ప్రతిధ్వని, చప్పట్లు. ఆరింటినీ సరైన పాళ్ళలో కలిపితేనే రెండు చెవులకి కచేరీ అవుతుంది. డిస్కులో విడిగా స్టీరియో ట్రాక్ ఉంటే ఇయర్‌ఫోన్లలో వినడానికి అదే తీసుకోండి. ఆ కలపడం ఒక సౌండ్ ఇంజనీరు చెవితో విని చేసి ఉంటాడు. మన ప్రోగ్రాం లెక్కతో చేస్తుంది.

ఎల్‌పీసీఎం దొరికితే దాన్ని ఫ్లాక్‌గా మార్చి ఉంచుతాను. స్టీరియో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో గంటకి దాదాపు 690 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్టు పోకుండా బాగా కుదిస్తుంది. పైగా అసలు ధ్వని తాలూకు ఎండీ5 ముద్ర ఫైలులోనే దాస్తుంది. పదేళ్ళ తర్వాత ఫైలు చెడిందో లేదో ఒక్క ఆదేశంతో తేలిపోతుంది. మా ఊరి డిస్కుల్లో ఎల్‌పీసీఎం లేదు, అన్నీ 192 కిలోబిట్ల డాల్బీయే. దీన్ని ఫ్లాక్ చేస్తే ఫైలు లావెక్కుతుంది తప్ప పోయిన నాణ్యత తిరిగి రాదు. అందుకని ఆ డాల్బీ ధారనే (ఫైలుగా దాని పేరు ఏసీ3) యథాతథంగా దాచాను. రెండు గంటల కచేరీకి 173 మెగాబైట్లు, అంతే. ఈ రోజుల్లో ఫోన్‌లో తీసే రెండు నిమిషాల వీడియో కూడా అంతవుతుంది. ఇంత చిన్నదాన్ని ఇంకా చిన్నది చేయాలని ఎంపీ3లోకి ఎందుకు దింపాలి?

దింపితే ఏమవుతుందో చెవితోనే తెలుస్తుంది. ఒకసారి కుదించిన ధ్వనిని ఇంకో పద్ధతిలో మళ్ళీ కుదిస్తే ముందు దెబ్బ తినేవి చప్పట్లు. చప్పట్లలో ఒక స్థిరమైన స్వరం అంటూ ఉండదు, వేల చిన్న చిన్న టపటపలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎన్‌కోడర్లకి అది చాలా కష్టమైన ధ్వని. నా మొదటి ఎంపీ3లలో చప్పట్లు నీళ్ళలో చేతులాడిస్తున్నట్టు ఉన్నాయి. తర్వాత మోర్సింగ్, ఆ తర్వాత తంబురా. తంబురాలోని మీటు మీటుకీ మారే మెరుపు పోయి ఉత్త గుమ్మనే శబ్దం మిగిలింది. మావయ్య నడక దగ్గర ఆ తేడా పట్టించుకోరు, నిజమే. కాని మావయ్య కోసం చేసిన కాపీయే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాపీ కాకూడదు.

వీసీడీల బాధ వేరు. బొమ్మ 352 బై 288 చుక్కలే, మొహాలు కూడా సరిగా తెలియవు. ధ్వని మాత్రం 224 కిలోబిట్ల ఎంపెగ్ లేయర్ 2, వినడానికి బాగానే ఉంటుంది. అయితే డేటా సీడీలో ప్రతి సెక్టారులోనూ, అంటే డిస్కు మీది ప్రతి చిన్న గడిలోనూ, తప్పులు సరిదిద్దుకునే కోడ్‌కి కొంత చోటు కేటాయిస్తారు. వీసీడీలో ఆ చోటు కూడా బొమ్మకీ పాటకీ ఇచ్చేశారు, 2048 బైట్లకి బదులు 2324. అందుకే చిన్న గీతకే కంప్యూటర్ 'చదవలేను' అని ఆగిపోతుంది. అదే డిస్కుని పాత ప్లేయర్ ఒక గెంతు గెంతి పాడేస్తుంది. మరో చిక్కు, 74 నిమిషాలకి డిస్కు మార్చాలి. మా ఊరి అబ్బాయి ఎక్కడ డిస్కు నిండితే అక్కడ కోసేశాడు. ఒక ఏడాది తని ఆవర్తనం మిశ్ర చాపులో సగం మొదటి డిస్కులో, సగం రెండో దాంట్లో ఉంది. రెండూ కలిపాను. మధ్యలో ఒకటిన్నర ఆవర్తం లేదు. ఆ ఖాళీని నేను పూడ్చలేదు, అతకలేదు. అక్కడ లేదని రాసి పెట్టాను.

మా ఊరి డీవీడీలని స్పెక్ట్రోగ్రాంలో, అంటే ధ్వనిని బొమ్మగా చూపే పటంలో, చూస్తే ఇంకో సంగతి బయటపడింది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని ఆగిపోయింది. పైన అంతా నలుపు. కారణం ఆ రోజుల మినీ డీవీ కెమెరా. దానిలో ధ్వనికి రెండు పద్ధతులు ఉండేవి: 16 బిట్లతో 48 కిలోహెర్ట్జ్, 12 బిట్లతో 32 కిలోహెర్ట్జ్. 32లో తీస్తే అందులో సగం, అంటే 16 దాకానే ధ్వని ఉంటుంది. కెమెరా ఆ రెండో పద్ధతిలోనే ఉండిపోయింది. డీవీడీలో 48 అని రాసి ఉన్నా లోపల ఉన్నది ఆ 32యే. ఇది తెలిశాక నాకు ఆ అబ్బాయి మీద కోపం రాలేదు. రాత్రి పదకొండు దాకా ఒక్కడే నిలబడి తీశాడు. ఫైలు పక్కన ఈ విషయం కూడా రాసి పెట్టాను, రేపెవరైనా పై ధ్వని వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోకుండా.

నాయిస్ తీసేసే ప్రోగ్రాంల గురించి నాది కాస్త కరకు మాటే. మా డిస్కుల్లో ఫ్యాన్ల రొద ఉంది, మైకు కూత ఉంది, హౌరా-చెన్నై లైను మీద వెళ్ళే రైలు కూత ఉంది. ఒకసారి ఆ రొద తీయించి చూశాను. రొదతో పాటు తంబురా సన్నబడింది, వీణ మీటు తర్వాత మిగిలే నాదం కూడా పోయింది. కావాలంటే కాపీ మీద చేసుకోండి. మూలం మీద చేయి వేయకండి. ఆ రైలు కూత కూడా నాకు కావాలి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా మద్రాసు రాజధాని నుంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వచ్చింది. రాష్ట్రం మారినా రైలు పట్టాలు మారలేదు కదా. మా ఆరాధనకి విద్వాంసులు విజయనగరం నుంచి ఆ రైల్లోనే వచ్చేవారు. ఒక డిస్కులో పాడే ఆయన మధ్యలో గడియారం చూసుకుని, "రైలుకి టైమవుతోంది, ఒక్క చిన్నది పాడి మంగళం చెప్పేస్తాను" అంటారు. జనం ఒప్పుకోరు. వెనక నుంచి ఎవరో ఒడియాలో ఇంకో రాగం అడుగుతారు. ఆయన నవ్వి తెలుగులోనే జవాబిచ్చి, అడిగిన రాగమే పాడతారు. 'పాటలు మాత్రం' పద్ధతిలో చేసి ఉంటే ఇదంతా నా కత్తెరకి పోయేది.

అయినా పాట ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెప్పగలరు? ఆలాపన ముందు మూడు నాలుగు సెకన్లు శ్రుతి సరిచూసుకుంటూ ఆయన సన్నగా అనుకునే సంగతిలోనే రాగం తెలిసిపోతుంది. అది శ్రుతి సవరణా, ఆలాపనా? మావయ్య కోరిక కూడా కాదనలేను. అందుకే కచేరీ మొత్తాన్ని ఒక్క ఫైలుగానే ఉంచి, పక్కన క్యూ షీట్ పెట్టాను. అది మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ నిమిషానికి ఏ కీర్తన మొదలవుతుందో అందులో ఉంటుంది. ప్లేయర్ దాన్ని చదివి పాటల జాబితాలా చూపిస్తుంది. కావలసినవాళ్ళు నేరుగా పాటకి వెళ్తారు, మొత్తం వినేవాళ్ళు మొత్తం వింటారు, ఫైలుకి కత్తెర పడదు. పెన్‌డ్రైవ్‌కి పంపే కాపీలు దానిలోంచే తయారవుతాయి. ధ్వని హెచ్చుతగ్గులు సరిచేయాలన్నా రీప్లేగెయిన్ అనే సదుపాయంలో ఆల్బం పద్ధతినే, అంటే కచేరీ మొత్తానికీ ఒకే సవరణ, వాడండి. పాటపాటకీ విడిగా చేస్తే మెల్లగా సాగే ఆలాపన, తని ఆవర్తనం రెండూ ఒకే ఎత్తులో మోగుతాయి.

పేర్లు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువ రోజులు తీసుకుంది. డీవీడీలో పాటల పేర్లు ఫైళ్ళలో ఉండవు, అంతా వినే రాసుకోవాలి. ఆరాధన డిస్కుల్లో పంచరత్నాల దగ్గర సులువు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఆ వరస మారదు. మిగతా చోట్ల మా సంగీతం టీచరు గారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అసలు ప్రశ్న, ఏ లిపిలో రాయాలి? మా ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు. చదివేది ఒడియా, ఇంగ్లీషు. నేను తెలుగులో 'సురటి' అని రాస్తే మా మేనల్లుడికి అది బొమ్మే. పూర్తిగా ఇంగ్లీషులో రాస్తే తోడి ఒకచోట 'టి'తో, ఒకచోట 'టి', 'హెచ్'లతో ఉండి వెతికితే సగమే దొరుకుతాయి. ఫ్లాక్‌లో ట్యాగులు, అంటే ఫైలు లోపల రాసుకునే పేర్ల చీటీలు, ఏ లిపైనా పట్టే యూనికోడ్‌లో ఉంటాయి, ఒకే పేరుతో రెండు మూడు ట్యాగులు పెట్టుకోవచ్చు, రాగం, తాళం అని మన సొంత పేర్లూ పెట్టుకోవచ్చు. ఏసీ3లో అంత వీలు లేదు కాబట్టి వాటిని ఎంకేఏ అనే రకం ఫైలు డబ్బాలో పెట్టి అక్కడ ట్యాగులు రాశాను. పాట పేరు తెలుగులో, ఒడియాలో రెండుసార్లు, రాగం ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో. ఒడియా పేర్లు మేనల్లుడే టైపు చేశాడు. చేస్తూ చేస్తూ తెలుగు అక్షరాలు అడిగి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇది నేను అనుకుని చేసింది కాదు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని ఒప్పుకుంటుంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ కాకుండా డిస్కుకి వేసిన తాళం తెరవడాన్ని నేరం చేసింది. కొన్న డిస్కులోంచి తీసింది మా గడప దాటదు, అది నాకు నేను పెట్టుకున్న నియమం. మా ఊరి ఆరాధనవి మాత్రం పాడినవాళ్ళని, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లల్ని అడిగి, ముందు వాళ్ళకే ఒక కాపీ ఇచ్చి, తర్వాతే బంధువులకి పంపుతున్నాను.

ఇంట్లో ఇలాంటి పెట్టె ఉన్నవాళ్ళకి ఒక్క మాట. పాటలు తీయడం కూడా తర్వాత, ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక కాపీగా (డీవీడీ అయితే ఐఎస్‌ఓ అనే ఒక్క ఫైలుగా) చేసి పెట్టుకోండి. ఒక పొర డీవీడీలు వందైనా ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్‌లో సగానికి మించవు. అలాంటివి రెండు కొనండి, రెండోది వేరే ఊళ్ళో ఉంచండి. మాది పర్లాకిమిడిలో అక్క వాళ్ళింట్లో ఉంది, 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు అక్క ముందు అది బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. డిస్కు తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకండి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. బూజు ఉంటే కాస్త సబ్బు నీళ్ళు చాలు.

నాన్నగారి డిస్కుని నేను వదల్లేదు. అది డీవీడీ. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం చదవగలిగినవి ముందు చదివేసి, మొరాయించే సెక్టార్ల పట్టిక రాసుకుని, మళ్ళీ మళ్ళీ వాటి దగ్గరికే వెళ్తుంది. పాత డ్రైవ్‌లో అసలు తెరుచుకోని డిస్కు, వేరే డ్రైవ్‌లో పెట్టాక మెల్లగా రావడం మొదలైంది. నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పటికి మొత్తం వచ్చింది, ఒక్క 11 మెగాబైట్లు తప్ప. సెకనుకి 5 మెగాబిట్ల లెక్కన అది సుమారు 18 సెకన్లు. చుట్టుపక్కల ఏముందో విన్నాను. ముందు ఒడియాలో ఆయన పరిచయం పూర్తిగా ఉంది. "ఇప్పుడు మన తెలుగులో" అని గొంతు సవరించుకున్నాక ఖాళీ, ఆ తర్వాత చప్పట్లు. మేనల్లుడి స్నేహితుడి దగ్గర ఇంకో కంపెనీ డ్రైవ్ ఉందట, ఆదివారం తెస్తానన్నాడు.